చూసింది: ఎలీషబా

బస్సు కొమరోలు దాటేవరకూ ఎలీషబాకు ఏ భయమూ లేదు. కిటికీ పక్కన సీటు దొరికింది, అమ్మ కట్టిచ్చిన టిఫిన్ డబ్బా ఒళ్ళో ఉంది, సాయంత్రం నాలుగింటికి మార్కాపురం చేరితే చాలు. కొమరోలు దాటాక, ఇంటి దగ్గర విన్న ఒక మాట ఉన్నట్టుండి గుర్తొచ్చింది. అంతే, ఒళ్ళు చల్లబడిపోయింది. మే నెల మధ్యాహ్నం, ముట్టుకుంటే కిటికీ కమ్మీలు కాలుతున్న బస్సులో ఆ పిల్లకు చలి వేసింది.

ఆ మాట అన్నది పక్కింటి రోశమ్మ.

ఎలీషబా వాళ్ళ ఊరు పాలెంలో ఆదివారం ఆరాధన అయ్యి, అన్నం తిని లేచేసరికి వాళ్ళమ్మ జ్ఞానమ్మ ఫోన్ తెచ్చి ముఖం ముందు పెట్టింది. "చూడే, నిన్న సాయంత్రం వచ్చింది. నాకు బాగుండాదనే గదా ఉండేది?"

'జ్ఞానమ్మ గారికి నమస్కారం. మీ రక్తపరీక్షలో అన్నీ సరిగా ఉన్నాయి' అని ఉంది. ఆ వాక్యం ఎలీషబా రాసిందే. గురువారం మార్కాపురం నుంచి చంద్రశేఖరరావు గారి ల్యాబ్ వాళ్ళు పాలేనికి వచ్చి, చర్చిలో చాపలు పరిచి, కిడ్నీలు ఎలా ఉన్నాయో చూడటానికి నలభై దాటిన ఆడవాళ్ళందరి దగ్గరా రక్తం తీసుకుపోయారు. ఆ ల్యాబ్‌కు సాఫ్ట్‌వేర్ చేసిపెట్టింది ఎలీషబా ఉన్న బృందమే. తను రాసిన వాక్యం తన అమ్మ ఫోన్‌లోకి వచ్చి కూర్చోవడం చూసి పిల్ల మురిసిపోయింది కూడా.

అప్పుడు వచ్చింది రోశమ్మ, వాచిన పాదాలు ఈడ్చుకుంటూ. "నాది రాలేదేమే పాపా?"

"వస్తాదిలే పెద్దమ్మా. నీ ఫోన్‌కు వస్తాది."

"నాకు ఫోన్ యాడుండాది? మీ అమ్మ నంబరే రాయించినా. నేనేంది, అందరం అదే రాయించినాము."

అంతలో రోడ్డు మీద బస్సు హారన్ కొట్టింది. ఎలీషబా సంచీ భుజాన వేసుకుని పరుగెత్తింది. మాట చెవిలో పడిందిగానీ బుర్రలోకి దిగలేదు. దిగడానికి కొమరోలు దాకా పట్టింది.

అందరం అదే రాయించినాము.

ఇక్కడ కాస్త వెనక్కి వెళ్ళాలి. మార్కాపురంలో పలకల వ్యాపారి వెంకటరామయ్య కూతురు నాగమణి హైదరాబాదులో పన్నెండేళ్ళు ఉద్యోగం చేసింది. ఏం ఉద్యోగమయ్యా అంటే, ఇతరులు రాసిన సాఫ్ట్‌వేర్‌లో తప్పులు పట్టడం. కరోనాలో ఇంటికి వచ్చింది, మళ్ళీ పోలేదు. ఈ పక్కన ఇంజనీరింగ్ చదివిన పిల్లలు మూడు నెలల కోర్సు చేసి, ఈరోజు నడిచి రేపు పడిపోయే కోడ్ రాసి, దాన్నే విద్య అనుకోవడం చూసి ఆవిడకు ఒళ్ళు మండింది. నాన్న గోడౌన్ మీద ఖాళీగా పడి ఉన్న గది ఊడ్పించి, ప్రతి ఆదివారం సాయంత్రం రమ్మంది. మూడేళ్ళలో పంతొమ్మిది మంది అయ్యారు. కనిగిరి నుంచి వచ్చేవాళ్ళు ఉన్నారు, పామూరు నుంచి రెండు బస్సులు మారి వచ్చే అమ్మాయి ఒకతి ఉంది. చదువు చెప్పేది ఆదివారమే అయినా, పని ఉన్నవాళ్ళకు మిగతా రోజుల్లో కూడా ఆ గది తెరిచే ఉండేది. బజారులో వాళ్ళు దానికి పలకల మేడ అని పేరు పెట్టారు.

అక్కడ నియమాలు ఎన్నో లేవు, ఉన్నవాటికి మాత్రం మినహాయింపు లేదు. కోడ్ రాసేముందే టెస్ట్ రాయాలి. "టెస్టంటే ఏందో అనుకోవద్దు. మీ కోడ్‌ను ఇబ్బంది పెట్టే ప్రశ్న. బిడ్డ పుట్టకముందే ప్రశ్న పుట్టాల" అనేది నాగమణి. రెండోది, ఒకరు రాసింది ఇంకొకరు చూడకుండా గడప దాటకూడదు. గోడకు మూడడుగుల పెద్ద పలక ఒకటి బిగించి ఉంది. ప్రతి పనికీ దాని మీద రెండు పేర్లు ఎక్కాలి. రాసింది: ఫలానా. చూసింది: ఫలానా. "చూడకుండా చూసినానని రాసేవాళ్ళు నా మెట్లు ఎక్కొద్దు" అని మొదటిరోజే చెప్పేది.

ఇంకో ఆచారం మాత్రం ఎలీషబా తెచ్చింది. వాళ్ళ చర్చిలో ఎవరికైనా గుండె బరువైతే లేచి నిలబడి సాక్ష్యం చెబుతారు. అదే ఇక్కడా పెడదామంది. ఏం చేశాను, ఏం జరిగింది, ఇప్పుడేం చేస్తాను. మూడే ముక్కలు. కూర్చుని చెప్పకూడదు. విన్నవాళ్ళు తిట్టకూడదు, ఓదార్చకూడదు. మొదట్లో కోమట్ల పిల్లలు నవ్వారు. కింద కొట్లో వెంకటరామయ్య "పైన ప్రార్థన ఇంకా కాలేదా?" అని వేళాకోళం చేసేవాడు. ఏడాది తిరిగేసరికి సాక్ష్యం లేని ఆదివారం లేకుండా పోయింది.

సరే, మొన్న బుధవారం సాయంత్రం. క్యాంపు కోసం పేర్లు నమోదు చేసే భాగాన్ని నాగమణి మార్చి రాసింది. ల్యాప్‌టాప్ ఎలీషబా వైపు తిప్పి, "చూడు" అని ఫోన్ మాట్లాడటానికి వరండాలోకి పోయింది. ఎలీషబాకు ఆరింటికి, తాను ఆన్‌లైన్‌లో పనిచేసే బెంగళూరు ఆఫీసు వాళ్ళతో మీటింగ్ ఉంది. పైనుంచి కిందికి ఒకసారి జరిపింది, కింది నుంచి పైకి ఒకసారి జరిపింది. టెస్టులన్నీ పచ్చగా ఉన్నాయి, అంటే పాసయినట్టే. రాసింది ఎవరు? నాగమణక్క. తనకు అక్షరం అక్షరం నేర్పిన మనిషి. ఆవిడ రాసినాక నేను చూసేదేముంది అనుకుంది. పలక మీద పేరు రాసి, చేతి సుద్ద దులుపుకుని మెట్లు దిగింది.

ఇప్పుడు బస్సులో ఆ సుద్ద వేళ్ళకు ఇంకా అంటుకుని ఉన్నట్టే అనిపించింది.

ఒళ్ళో డబ్బా పక్కన పెట్టి ల్యాప్‌టాప్ తెరిచింది. ఫోన్ సిగ్నల్ వస్తూ పోతూ ఉంది. ల్యాబ్ కంప్యూటర్ తాను చేసిన ప్రతి పనినీ వేళతో సహా ఒక చిట్టాలో రాసుకుంటూ పోతుంది. ఆ చిట్టా చూసే అనుమతి ఎలీషబాకు ఉంది. తెరిచేటప్పుడు పాస్‌వర్డ్ రెండుసార్లు తప్పు కొట్టింది.

పదకొండు గొట్టాల రక్తం. పదకొండు వరుసలు. చిట్టాలో పేర్లు ఉండవు, పదకొండింటి ఎదురుగా ఒకటే ఫోన్ నంబర్, అమ్మది. మనుషుల జాబితాలో చూస్తే పదకొండు పేర్లు లేవు. ఒకటే పేరు ఉంది, జ్ఞానమ్మ.

అనుకున్నంతా అయింది. నాగమణక్క రాసిన కోడ్‌లో ఒక ఫోన్ నంబర్ అంటే ఒక మనిషి. రెండో మనిషి అదే నంబర్ చెబితే, మొదటి మనిషే మళ్ళీ వచ్చిందనుకుని పాత వివరాలు తుడిచి కొత్తవి రాసింది. పలక మీద ఒక పేరు చెరిపి ఇంకో పేరు రాసినట్టు, పదిసార్లు. నాగమణి ఇంట్లో నలుగురికి ఐదు ఫోన్లు. అలాంటి ఇంట్లో పెరిగిన మనిషి రాసిన టెస్టుల్లో ప్రతివాళ్ళ చేతిలోనూ ఒక ఫోన్ ఉంది. పదకొండు మంది ఆడవాళ్ళకు ఒకటే ఫోన్ ఉండే వీధి ఆవిడ ఎన్నడూ చూడలేదు.

ఎలీషబా పుట్టిందే ఆ వీధిలో. ఆ గదిలోని పంతొమ్మిది మందిలో ఈ తప్పు కనిపించగల కన్ను తనదొక్కటే. ఒక్కసారి, నిజంగా ఒక్కసారి చదివి ఉంటే కనపడేది. అందుకే కదా ఆవిడ తన వైపు తిప్పి చూడమంది.

వరుసలు ఒక్కొక్కటే చదివింది. ఒకటో గొట్టం, ఫరవాలేదు. రెండు, మూడు, నాలుగు ఫరవాలేదు. ఐదులో చక్కెర ఎక్కువ. ఆరు ఫరవాలేదు. ఏడు దగ్గర కన్ను ఆగిపోయింది. పొటాషియం ఆరు పాయింట్ తొమ్మిది.

ఎలీషబా డాక్టరు కాదు. అయినా ఆ అంకె ఏమిటో తెలుసు. ఆరు దాటితే పేరు ఎర్ర జాబితాలో పడాలి, ల్యాబ్ వాళ్ళు వెంటనే ఫోన్ చేయాలి, ఎందుకంటే గుండె ఏ నిమిషాన్నయినా లయ తప్పొచ్చు. ఆ నిబంధన రాసింది తనే. ఎర్ర జాబితా పని చేసింది కూడా. శుక్రవారం పదకొండు నలభైకి ఏడో గొట్టం అందులో పడింది. పదకొండు యాభై రెండుకు ఎనిమిదో గొట్టం ఫలితం వచ్చి దాన్ని తుడిచేసింది. పన్నెండు నిమిషాలు. సాయంత్రం ల్యాబ్ వాళ్ళు చూసేసరికి జాబితా ఖాళీ. కాగితం మీద పేర్లు రాసుకునే అలవాటు, ఈ సాఫ్ట్‌వేర్ వచ్చిన నెలలోనే మానేశారు.

అంటే ఆ పదకొండు మందిలో ఒక మనిషి శుక్రవారం నుంచి చావును ఒంట్లో పెట్టుకుని తిరుగుతూ ఉంది. ఎవరో ఎవరికీ తెలియదు.

అమ్మ అయితే?

అమ్మకు ఫోన్ కొట్టింది. కలవలేదు. మళ్ళీ కొట్టింది. బస్సు ఎవరినో ఎక్కించుకోవడానికి ఆగింది, ఒక ముసలాయన గోనెసంచి ఎక్కించేదాకా కదల్లేదు, సిగ్నల్ గీత ఒక్కటీ లేదు. ఎలీషబా ముందు సీటు కమ్మీని గట్టిగా పట్టుకుని, ప్రార్థన చేయబోయి, మాటలు దొరక్క, అంకెలు లెక్కపెట్టింది. నాలుగోసారికి మోగింది.

"అమ్మా, గురువారం వరుసలో నువ్వు ఎన్నో మనిషివి?"

"ఏందే, బస్సెక్కి అదడుగుతావా?"

"చెప్పమ్మా!"

"నేనే ఆఖరు. అందరికీ నంబరు చెప్పాల గదా, ఫోన్ పట్టుకుని పక్కన నిలబడినా. అందర్నీ పంపించి చివర్న కూర్చున్నా."

ఆఖరు. అందుకే తుడుపు పడకుండా మిగిలింది అమ్మ పేరే. ఆ మెసేజ్ నిజంగా అమ్మదే. ఎలీషబాకు ఏడుపొచ్చేంత ఊరట కలిగింది. మరుక్షణం ఆ ఊరటకు సిగ్గేసింది.

"ఏడో మనిషి ఎవరమ్మా?"

జ్ఞానమ్మ వేళ్ళు మడిచింది కాబోలు, గొణుగుడు వినపడింది. "ఆరు... ఏడు... రోశమ్మే. అవును, రోశమ్మే. నా ఎదురుగానే కూర్చున్నె."

వాచిన పాదాలు గుర్తొచ్చాయి. రోశమ్మే అయి ఉంటుంది, సరిపోయింది అనుకుంది. వెంటనే తనను తాను పట్టుకుంది. ఈ అనుకోవడమే కదా బుధవారం చేసింది. అమ్మ వేళ్ళ మీద లెక్క తప్పితే? ఎవరో ఒకరు మధ్యలో లేచిపోయి ఉంటే?

"అమ్మా, ఫోన్ పెద్దగా వినపడేట్టు పెట్టు. ఆ పదకొండు మందినీ పిలుచు. ఇప్పుడే."

ఆదివారం గనుక అందరూ దగ్గర్లోనే ఉన్నారు. చర్చి పంచలో చేరారు. ఎలీషబా చెప్పింది, అందరూ వెంటనే గిద్దలూరు ఆసుపత్రికి పోవాలి, రక్తం మళ్ళీ తీయించుకోవాలి అని. ఒక నవ్వు వినపడింది. అది అలివేలమ్మది. పాలెంలో అందరికంటే గట్టి మనిషి, మిరపకోతలో ఇద్దరి పని చేస్తుంది.

"మీ అమ్మకు బాగుండాదని వచ్చింది గదా పాపా? మాకేం రాలేదంటే ఏం లేదనేగా?"

"ఈ ఎండలో నా వల్ల కాదు బిడ్డా" అంది రోశమ్మ. "రేపు పొద్దున పోతాలే."

"రేపు పొద్దున నాకు పని ఉండాది" అంది అలివేలమ్మ. "ఆ కంప్యూటర్‌కే ఏదో అయ్యుంటాది, దానికి మందు పొయ్యి." మళ్ళీ నవ్వులు.

అవును కంప్యూటర్‌కే ఏదో అయింది అనొచ్చు. నెట్‌వర్క్ అనొచ్చు. ఎవరూ తప్పు పట్టరు. పాలెంలో ఎలీషబా అంటే మామూలు గౌరవమా? పాస్టరు గారు ప్రసంగం మధ్యలో ఆ పిల్ల పేరు ఉదాహరణగా చెబుతాడు. ఆ పేరు అలాగే ఉంటుంది. వీళ్ళు మాత్రం రేపటిదాకా కదలరు. ఏడో మనిషికి రేపు ఉందో లేదో తెలియదు.

భయం రెండు వైపుల నుంచీ పట్టుకుంది. ఏది పెద్దదో తేల్చుకోవడానికి ఆ పిల్లకు ఎంతోసేపు పట్టలేదు. తర్వాత సీట్లోంచి లేచి నిలబడింది. కూర్చుని చెప్పకూడదు కదా.

"నేను సాక్ష్యం చెప్పాల" అంది.

ఫోన్ అవతల నవ్వులు టక్కున ఆగిపోయాయి. ఆ మాటకు అక్కడ నవ్వరు. బస్సులో ముప్పై మంది తలలు ఇటు తిరిగాయి.

"మీ పేర్లు రాసే పని నాగమణక్క చేసింది. అది సరిగ్గా ఉందో లేదో చూడాల్సింది నేను. నేను చూడలా. చూసినానని సంతకం పెట్టినా. మీ అందరి రిపోర్టులూ ఒకదాని మీద ఒకటి పడి చెరిగిపోయినాయి. మా అమ్మది ఒక్కటే మిగిలింది. మీలో ఒకరికి శానా చెడ్డగా ఉండాది. ఎవరికో నాకు తెలీదు. గుండె ఆగిపోయేంత చెడ్డగా ఉండాది. నేను చేసింది ఇదీ. ఇప్పుడు నేను చేయగలిగింది మిమ్మల్ని బతిమాలుకోవడం ఒక్కటే. లేవండి."

అవతల ఒక మగగొంతు వినపడింది. పౌలు, ఎలీషబా నాన్న. బోరు లారీ మీద పైపులు దించే కూలీ. ఆయనకు చదువు రాదు.

"సూడకుండా పెట్టినావామ్మా?"

"అవును నాయనా."

"నేను యేలిముద్ర యేసేముందు గూడా ఇద్దరితో చదివించుకుంటా గదమ్మా" అన్నాడు. తిట్టలేదు, గొంతు పెంచలేదు. ఎలీషబాకు ఆ మాట జీవితాంతం గుర్తుంటుంది. తర్వాత ఆయనే, "యల్లయ్య ట్రాలీ ఆటో ఉండాదేమో సూస్తా. లేయండమ్మా, లేయండి" అని కేకలు పెట్టడం వినపడింది.

సీట్లో కూలబడి నాగమణికి ఫోన్ చేసింది. చెప్పడం మొదలుపెట్టగానే ఆవిడ అడ్డం తగిలింది.

"ఆ మనిషి ఎక్కడుంది?"

"తెలీదక్కా. పదకొండు మందినీ గిద్దలూరు రమ్మన్నా."

"పదకొండు మందినీనా? మంచి పని చేసినావు. రాసింది నేను. ఆ సంగతి వచ్చే ఆదివారానికి. ముందు ల్యాబ్ తెరిపిస్తా. ఆ ఏడో గొట్టానికి మిషన్ ఇచ్చిన కాగితం ఫోటో తీసి పంపిస్తా, అక్కడి డాక్టరమ్మకు చూపించు."

"చంద్రశేఖరరావు గారికి చెప్తే మనల్ని..."

"చెప్తే మనల్ని, చెప్పకపోతే ఆమెను. పెట్టెయ్."

ఎలీషబా గిద్దలూరులో దిగి, బస్టాండు నుంచి ఆసుపత్రి దాకా నడిచింది. గేటు దగ్గర నీడ కూడా చూసుకోకుండా రోడ్డు వైపు తిరిగి నిలబడింది. ప్రతి ఆటో శబ్దానికీ రోడ్డు మీదికి వచ్చి చూసేది. వాళ్ళు దారిలో ఉన్నప్పుడే ఏదైనా అయితే? మధ్యలో ఎవరైనా మనసు మార్చుకుని దిగిపోతే? రోశమ్మ ఎక్కిందో లేదో అడగడానికి ఫోన్ తీసింది, ఎక్కలేదంటే ఏం చేయాలో తెలియక మళ్ళీ జేబులో పెట్టింది. ముప్పావు గంట అలాగే నిలబడింది.

యల్లయ్య ట్రాలీ వచ్చింది. వెనక తొట్టిలో ఆడవాళ్ళు తలల మీద కొంగులు కప్పుకుని కూర్చున్నారు. ఎలీషబా ఒక్కొక్కరినీ లెక్కపెట్టింది. పది. మళ్ళీ లెక్కపెట్టింది. పదే.

"అలివేలమ్మ యాడ?" అని అరిచింది.

"ఈడనే ఉండాలే" అంటూ అలివేలమ్మ ముందు, డ్రైవర్ పక్కనుంచి దిగింది. రోశమ్మను చంక కింద చెయ్యేసి కిందికి దించింది, ఆమె సంచీ తన భుజానికి తగిలించుకుంది. "ఈ ముసల్దాన్ని ముందు సూపియ్యండి. మేం ఉంటాంలే."

లోపల డ్యూటీలో ఉన్న డాక్టరు పడుచుపిల్ల. నాగమణి పంపిన ఫోటో చూసి కుర్చీలోంచి లేచింది. "ఈ రక్తం ఎవరిది?" అంది.

"వీళ్ళల్లో ఒకరిదండీ."

డాక్టరు ఎలీషబా ముఖంలోకి ఒకసారి చూసి, ఇంకేమీ అడగకుండా, గుండె పరీక్ష యంత్రం దగ్గర వరుసగా నిలబెట్టమంది. రోశమ్మను మొదట పడుకోబెట్టారు. జ్ఞానమ్మ కళ్ళు మూసుకుంది. గీతల కాగితం బయటికి వచ్చింది. డాక్టరు చూసింది, తల ఊపింది. "ఈమెది బాగానే ఉంది. కాళ్ళ వాపు సంగతి తర్వాత చూద్దాం. నెక్స్ట్."

రెండో మనిషి. మూడో మనిషి. నాలుగో మనిషిగా అలివేలమ్మ, "నాకెందుకమ్మా, నాకేం రోగం" అంటూనే బల్ల ఎక్కింది. కాగితం సగం రాకముందే డాక్టరు నర్సును కేక వేసింది. ఏం జరుగుతోందో ఎవరికీ అర్థం కాలేదు. ఇద్దరు వచ్చి బల్లతో సహా అలివేలమ్మను లోపలి గదిలోకి తోసుకుపోయారు. ఆమె భుజాన ఇంకా రోశమ్మ సంచీ వేలాడుతూనే ఉంది.

"కూర్చోలేకపోతా ఉంటే తన తావు నాకిచ్చింది" అంది రోశమ్మ, నేల మీద కూలబడుతూ. "నన్ను ఆరో మనిషిని చేసి తను నా ఎనకాల కూర్చుండె. నేనే మర్సిపోయినా, తల్లీ."

గంట తర్వాత డాక్టరు బయటికి వచ్చి, ఇంజెక్షన్లు ఇచ్చామని, కాస్త కుదురుకుందని, కిడ్నీల సంగతి పెద్దాసుపత్రిలోనే తేలాలని, అంబులెన్సులో ఒంగోలు పంపిస్తున్నామని చెప్పింది. ఎలీషబా ఆమె వెనకే రెండడుగులు వేసింది.

"రేపు పొద్దున వచ్చుంటే, మేడమ్?"

డాక్టరు ఆగింది. "ఆ మాట నన్నడగొద్దు" అంది.

మరుసటి ఆదివారం పలకల మేడకు పంతొమ్మిది మందిలో పదమూడు మందే వచ్చారు. చంద్రశేఖరరావు సాఫ్ట్‌వేర్ ఆపేసి మళ్ళీ కాగితాలు తీశాడు. ఆయన బజారులో అన్న మాటలు మెట్ల మీదుగా పైదాకా వచ్చాయి. నాగమణి లేచి సాక్ష్యం చెప్పింది. "నా ఇంట్లో ఎట్లుందో లోకంలోనూ అట్లే ఉంటాదనుకున్నా. నా టెస్టుల్లో నాకు తెలిసిన మనుషులే ఉన్నారు" అంది. ఎలీషబా లేచి తనది చెప్పింది. బస్సులో ఒకసారి చెప్పినా రెండోసారి తేలిక కాలేదు. నియమం ప్రకారం ఎవరూ తిట్టలేదు, ఎవరూ ఓదార్చలేదు. అలివేలమ్మకు వారానికి రెండుసార్లు డయాలిసిస్ అని, మనిషి లేచి కూర్చుంటోందని, ఎలీషబాను ఒక్కసారి కూడా తిట్టలేదని మాత్రం జ్ఞానమ్మ ఫోన్‌లో చెప్పింది. తిట్టి ఉంటే బాగుండేదని ఎలీషబాకు అనిపించింది.

ఆ ఆదివారానికి కొత్త కోడ్ ఎలీషబాయే రాసి తెచ్చింది. వారం రోజులు పట్టింది. టెస్టుల్లో పదకొండు మంది ఆడవాళ్ళు, ఒకటే ఫోన్. పేర్లు కూడా అవే పెట్టింది, ఏడో చోట అలివేలమ్మ. పదకొండు రిపోర్టులు పదకొండుగా వచ్చాయి. అన్నీ పచ్చగా ఉన్నాయి. ల్యాబ్ వాళ్ళు తీసుకుంటారో లేదో తెలియదు, అయినా రాసింది.

చూడాల్సిన వంతు వీరాంజనేయులుది. యాభై దాటిన మనిషి. పలకల ఫ్యాక్టరీలో ఇరవై ఏళ్ళు సరుకు లెక్క చూసి, అది మూతపడ్డాక ఇక్కడ చేరి, తన కొడుకు వయసు పిల్లల పక్కన కూర్చుని నేర్చుకున్నాడు. ఆయన ల్యాప్‌టాప్ వైపు చూసి, ఎలీషబా వైపు చూసి, మర్యాదగా నవ్వి, పలక దగ్గరికి పోయి సుద్దముక్క తీశాడు.

"ఇంత జరిగినాక నువ్వు రాసినావు. దాంట్లో నేను చూసేదేముంది తల్లీ" అన్నాడు.

ఎలీషబా మాట అది. అదే మాట, అంతే ప్రేమగా, అంతే మర్యాదగా. లేచి పోయి ఆయన చేతిలోంచి సుద్దముక్క లాక్కుంది. పెద్దవాడి చేతిలోంచి లాక్కోవడం తప్పని తెలుసు. అయినా లాక్కుంది.

"కూర్చో చిన్నాయనా. మొదటి లైను నుంచి చదువు. గట్టిగా చదువు."

ఆయన కళ్ళజోడు పెట్టుకుని, వేలు తెర మీద ఆనించి, బడిపిల్లాడిలా చదవడం మొదలుపెట్టాడు. పదమూడు మందీ విన్నారు. ఇరవై లైన్లు అయ్యాయి, ముప్పై అయ్యాయి. ఎక్కడా ఏమీ లేదు. నలభయ్యో లైను దగ్గర ఆయన వేలు ఆగింది. వెనక్కి పోయింది. మళ్ళీ ముందుకు వచ్చింది.

"ఒక మాట. పదకొండు మందికి ఒక ఫోనుంటే సరే, బాగానే ఉంది. అసలు ఫోన్ నంబరే చెప్పలేని మనిషి వస్తే? మా అమ్మ ఉంది, ఆమెకు ఎవరి నంబరూ తెలీదు. అట్లాంటోళ్ళు ఇద్దరు వస్తే, ఇద్దరికీ ఆ గడి ఖాళీయే గదా?"

ఎలీషబా తెర దగ్గరికి వంగి చూసింది. ఆ లైను నంబర్ ఉన్నప్పుడే పేరు కూడా కలిపి చూస్తుంది, గడి ఖాళీ అయితే పేరు చూడదు. ఖాళీ గడి ఉన్న మొదటి మనిషి. ఖాళీ గడి ఉన్న రెండో మనిషి. రెండో మనిషి వచ్చి మొదటి మనిషిని తుడిచేస్తుంది.

వారం రోజులు నిద్ర మానుకుని రాసిన దాంట్లో, ఆ ప్రశ్న ఆమెకు తట్టలేదు.

సుద్దముక్క చేతిలోనే ఉంది. పలక మీద 'రాసింది: ఎలీషబా' అని ఉంది. దాని కింద 'చూసింది' అని రాసి ఉన్న చోటు ఆ సాయంత్రం ఖాళీగానే ఉంచి, ఆమె తిరిగి వచ్చి వీరాంజనేయులు పక్కన కూర్చుంది.

"ఇంకా చదువు చిన్నాయనా" అంది.